ఖాళీ కుర్చీలకు ఏసీ: హైదరాబాద్ ఐటీ భవనాల పాతికేళ్ల లెక్క

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు గానీ, ఆ తర్వాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ భవనాలు లేచినప్పుడు గానీ, ఇంజినీర్లు అనుమానించని అంకె ఒకటుండేది: సీట్ల సంఖ్య. ప్రతి సీటులో ఒక మనిషి, నైట్ షిఫ్టు ఉన్నచోట అదే సీటులో ఇంకొకరు. చిల్లర్ (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రం) ఎన్ని టన్నులదో, డక్టు (గాలి గొట్టం) ఎంత వెడల్పో, యూపీఎస్, జనరేటర్ ఎన్ని కేవీఏలో ఆ అంకె నుంచే తేల్చారు. ఫ్లోరుకు ఒకటో రెండో ఏహెచ్‌యూలు (ఆ నీటితో గాలిని చల్లబరిచి హాలులోకి పంపే యంత్రాలు) పెట్టి, వేల చదరపు అడుగుల హాలును ఒకే స్విచ్చు కింద ఉంచడం మామూలైపోయింది. జోన్లుగా విడగొట్టి డ్యాంపర్లు (డక్టులో గాలిని ఆపే పలకలు) పెట్టాలంటే ఖర్చు. హాలు నిండా జనం ఉన్నంతకాలం వాటి అవసరమూ కనబడలేదు. ఇంటి నుంచి పని వల్ల ఖాళీ అయిన హాళ్లకూ ఏసీ నడిపే ఇప్పటి వృథాకు పునాది అక్కడే పడింది.

నియమాలు రాకపోలేదు. ఇంధన పొదుపు చట్టం 2001లో, దాని కింద ఇంధన పొదుపును చూసే కేంద్ర సంస్థ బీఈఈ 2002లో వచ్చాయి. 2004లో కొండాపూర్‌లోని సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ అనే హరిత భవనాల గుర్తింపులో అత్యున్నతమైన ప్లాటినం రేటింగు పొందిన తొలి భవనం అది. 2007లో ఈసీబీసీ అనే భవనాల ఇంధన పొదుపు కోడు వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని 2014 జనవరిలో స్వీకరించింది. ఆఫీసు భవనాలకు బీఈఈ స్టార్ రేటింగు 2009లో మొదలైంది. వీటివల్ల గాజు మెరుగుపడింది, లైట్లు మారాయి, మంచి చిల్లర్లు వచ్చాయి. కానీ స్టార్ రేటింగుకు కొలమానం ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు అన్నదే. కాల్ సెంటర్ల వంటి బీపీఓ భవనాలకు నడిచే గంటలను కూడా కలిపారు. లోపల ఎంతమంది ఉన్నారన్నది మాత్రం ఎక్కడా అడగలేదు.

దీని ఫలితం చూడండి. ఉదాహరణకు 5,000 చదరపు మీటర్ల భవనం, 500 మంది, చదరపు మీటరుకు 120 యూనిట్లు అనుకుందాం. ఏడాదికి 6 లక్షల యూనిట్లు, మనిషికి 1,200. 2009 నాటి పట్టికలో, హైదరాబాద్ వాతావరణానికి ఇది 3 స్టార్. రోజూ వచ్చేవాళ్లు 150కి పడిపోయి, వాడకం 95 యూనిట్లకు దిగితే భవనానికి 4 స్టార్లు వస్తాయి. కానీ మనిషికి 3,167 యూనిట్లు పడుతుంది. మన గ్రిడ్డులో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, తలకు 0.84 టన్నులున్నది 2.2 టన్నులకు చేరుతుంది. ఖాళీ అయినందుకు మెచ్చుకునే కొలమానం ఇది. సరిదిద్దాల్సింది ముందు దీన్నే.

2020 మార్చిలో ఆ సీట్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. అప్పుడు కూడా మీటర్లు సున్నాకు దిగలేదు: సర్వర్ రూములు, యూపీఎస్‌లు, ఇంటి నుంచి రిమోట్‌గా లాగిన్ కావడానికి ఆన్‌లో ఉంచిన డెస్క్‌టాప్‌లు నడుస్తూనే ఉన్నాయి. సెజ్‌లలో (ప్రత్యేక ఆర్థిక మండళ్లలో) ఇంటి నుంచి పనికి 2022 జులైలో 43ఏ నిబంధన తెచ్చారు. అద్దెకు పోని సెజ్ స్థలాన్ని సెజ్ బయటి కంపెనీలకు ఇచ్చుకునేలా 2023 డిసెంబరులో 11బీ నిబంధన వచ్చింది. అందులో ఒక షరతు ఉంది: సెజ్ నుంచి విడదీస్తే పూర్తి ఫ్లోరు విడదీయాలి, ముక్క కుదరదు. కరెంటు లెక్కకూ ఇదే సరైన పద్ధతి. ఎందుకో తాజా గాలి లెక్క చెబుతుంది.

చాలామంది డిజైనర్లు వాడే అష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) ప్రమాణం ప్రకారం ఆఫీసుకు మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, పైగా చదరపు మీటరుకు 0.3 లీటర్ల బయటి గాలి కావాలి. మన ఉదాహరణలో 500 మందికి 1,250, స్థలానికి 1,500, మొత్తం 2,750 లీటర్లు. 150 మందే వచ్చి భవనమంతా చెదిరి కూర్చుంటే 1,875. అంటే మనుషులు 70 శాతం తగ్గినా గాలి 32 శాతమే తగ్గింది. అదే 150 మందిని సగం స్థలంలోకి సర్ది, మిగతా సగం మూసేస్తే 1,125 చాలు. మే నెల ఎండలో ఆ గాలిని చల్లబరిచే ఖర్చు తలచుకుంటే తేడా తెలుస్తుంది. హాట్ డెస్కింగ్ (ఎవరికీ సొంత సీటు లేకుండా ఖాళీ ఉన్నచోట కూర్చోవడం) పెట్టి అన్ని ఫ్లోర్లూ తెరిచి ఉంచితే మిగిలేదేమీ ఉండదు. టీములకు రోజులతోపాటు ఫ్లోర్లు కూడా కేటాయించాలి, అదీ ఏహెచ్‌యూ ఏ హాలుకు గాలి ఇస్తుందో డ్రాయింగులో చూసి.

తర్వాత ప్లాంటు రూము. ఫ్యాను వేగం 70 శాతానికి దించితే కరెంటు, సిద్ధాంతం ప్రకారం, 34 శాతానికి పడిపోవాలి. చాలాచోట్ల వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉంటుంది, కానీ డిస్‌ప్లే మీద 50.0 హెర్ట్జ్, అంటే పూర్తి వేగం, కదలదు: ఎప్పుడో ఒక కంప్లైంటు వచ్చిననాడు మాన్యువల్‌లో పెట్టి, మళ్లీ ఆటోలోకి మార్చలేదన్నమాట. ఏహెచ్‌యూ ఆపినా చల్లటి నీటి వాల్వు మూసుకోకపోతే 7 డిగ్రీల నీరు 12కి వేడెక్కకుండా 8, 9 దగ్గరే తిరిగొస్తుంది. పంపు ఊరికే తిరుగుతుంది, చిల్లర్ తక్కువ లోడులో సతమతమవుతుంది. అందుకే ఫ్లోరు మూసేటప్పుడు వాల్వును చేత్తో పరీక్షించాలి. రెండు యూపీఎస్‌లు చెరి 15 శాతం లోడుతో నడుస్తుంటే, అదనపు రక్షణ అవసరం లేని వర్క్‌స్టేషన్ల లోడును ఒకదాని మీదికి మార్చి రెండోది ఆపవచ్చు. మూసిన ఫ్లోరును వానాకాలంలో పూర్తిగా వదిలేస్తే మాత్రం కార్పెట్‌కు, ఫాల్స్ సీలింగ్‌కు బూజు పడుతుంది. తేమ 65 శాతం దాటినప్పుడు కొన్ని గంటలు నడపాలి. ఫైర్ అలారం, స్ప్రింక్లర్లు ఎప్పుడూ ఆపకూడదు.

ఇంత చేసినా బిల్లు అంతే నిష్పత్తిలో తగ్గదు. తెలంగాణలో హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు డిమాండు చార్జీ (ఒకేసారి గరిష్ఠంగా లాగే కరెంటుకు కట్టేది), ఎంత తక్కువ వాడినా, ఒప్పందంలోని డిమాండులో 80 శాతం మీద పడుతుంది. కాబట్టి గరిష్ఠ డిమాండు నిలకడగా తగ్గిందని తేలాక డిస్కంకు దరఖాస్తు చేసి ఒప్పందాన్ని దించుకోవాలి. ఏసీ ఖర్చును చదరపు అడుగుల చొప్పున క్యామ్ (ఉమ్మడి నిర్వహణ) చార్జీలో కలిపి వసూలు చేసే భవనంలో, ఫ్లోరు మూసిన అద్దెదారుకు పైసా కలిసిరాదు. ఫ్లోరుకో బీటీయూ మీటరు (వాడిన చల్లదనాన్ని కొలిచేది), నెలనెలా యూనిట్లను యాక్సెస్ కార్డు హాజరుతో భాగించిన లెక్క: ఈ రెండూ లీజు రెన్యువల్ సమయంలోనే రాయించుకోవాలి. సంతకం అయ్యాక ఓనరు ఒప్పుకోవడం కష్టం.