జ్వరం ఏ రాష్ట్రం లెక్క?

పర్లాకిమిడి, పాతపట్నం మహేంద్రతనయకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళు. ఒకటి ఒడిశాలో గజపతి జిల్లా, రెండోది ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా. పెళ్ళి సంబంధాలు, అప్పులు, సంత బేరాలు అన్నీ ఈ రెంటి మధ్యా ఆటోల్లో తిరుగుతూనే ఉంటాయి. జ్వరం కూడా అంతే. ఒక వానాకాలం ఆంధ్రా వైపు ఓ ల్యాబ్‌లో మా చుట్టం రిపోర్టు కోసం కూర్చున్నాను. గజపతి జిల్లా కాశీనగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్లాడికి రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. చీటీ మీద వాడి పేరు, వయసు, ఊరి పేరు చేత్తో రాశారు. జిల్లా దగ్గర మాత్రం రాయడానికేం లేదు, ప్యాడ్ మీద ముందే అచ్చయి ఉంది: శ్రీకాకుళం. తల్లి చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని, మందులు కొనుక్కుని వెళ్ళిపోయింది. ఆ పాజిటివ్ శ్రీకాకుళం ఖాతాలో పడిందా, గజపతి ఖాతాలో పడిందా, అసలు ఎక్కడా పడలేదా? ఈ ప్రశ్న నిన్నమొన్నటిది కాదు, వందేళ్ళు పైబడినది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఊళ్ళో చావు సంగతి తలారి చెబితే మునసబు పుస్తకంలో రాసుకునేవాడు. 1899లో జనన మరణాల నమోదుకు మద్రాసులో విడిగా చట్టమే చేశారు. అంతకు రెండేళ్ళ ముందు, బొంబాయిలో ప్లేగు విరుచుకుపడినప్పుడు, అంటురోగాల చట్టం వచ్చింది. కరోనా నాడు మనం తీసి దుమ్ము దులిపి వాడుకున్నది ఆ 1897 చట్టాన్నే. మునసబు పుస్తకంలో చావుకు కారణం రాసే గళ్ళు నాలుగైదే ఉండేవి: కలరా, మశూచి, ప్లేగు, కడుపు జబ్బులు, జ్వరాలు. మొదటి మూడూ చూడగానే తెలిసేవి. మిగిలినదంతా ‘జ్వరాలు’ గడిలోకి పోయేది. టైఫాయిడ్ అయినా, మెదడువాపు అయినా, మలేరియా అయినా తలారికి అది జ్వరమే.

మైదానంలో సంగతి ఇది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం కొండల్లో ఆ పుస్తకం నడిచిందీ అంతంతమాత్రమే. అప్పట్లో ఆ కొండలు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం, జయపురం జమీ కింద ఉండేవి. కొండెక్కిన ఉద్యోగికి మన్యపు జ్వరం పట్టుకుంటుందని బదిలీ కాగితం చూసే భయపడేవాళ్ళు. కొండవాళ్ళ జ్వరం పెద్దగా ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, కొండ మీదికి రైలు పట్టాలు వేసే సరికి లెక్క మొదలైంది. పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ దాకా లైను 1931కి పూర్తయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే తన మలేరియా నిపుణుణ్ణి తాను పెట్టుకుంది, ఆయన పేరు సీనియర్ వైట్. ఏ వాగు అంచున ఏ దోమ గుడ్లు పెడుతోంది, అది మనిషిని ఏ వేళప్పుడు కుడుతోంది అని జయపురం కొండల్లో ఆయన చేసిన పరిశీలన ఆ రంగంలో వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. స్టేషన్‌మాస్టర్లు, గ్యాంగ్‌మన్లు వరసగా పడిపోతే రైలు ఆగుతుంది కాబట్టి ఆ లెక్క కావలసివచ్చింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. కోరాపుట్ కొండలు, గంజాంలో పెద్ద భాగం, పర్లాకిమిడి అటు వెళ్ళాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, వాళ్ళ చావుపుట్టుకల కాగితాలు మాత్రం మద్రాసు మానేసి కటక్ దారి పట్టాయి. ఇప్పటి గజపతి, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలు ఇంకా చాలా తర్వాత, 1992లో విడిపోయినవి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా, 8 లక్షల చావులు అని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో ఏకంగా నిర్మూలన కార్యక్రమం పెట్టారు. డీడీటీ కొట్టడం ఒక పని, ఇంటింటికీ తిరిగి జ్వరాలు అడగడం రెండో పని. పదిహేను రోజులకోసారి మలేరియా ఉద్యోగి గడప ముందు నిలబడేవాడు. ఇప్పటి రాయగడ జిల్లాలోని గుణుపురంలో మా చిన్నప్పుడు కూడా ఆ మనిషి వచ్చేవాడు. గోడ మీద స్టెన్సిల్‌తో వేసిన గడిలో తేదీ రాసి గిలికేవాడు. సున్నం వేసినా ఆ గడి మాత్రం వదిలెయ్యమనేవాళ్ళు. జ్వరం ఉందంటే వేలు గుచ్చి, గాజు పలక మీద ఒక మందపు చుక్క, ఒక పల్చటి పూత పట్టి, నాలుగు చేదు మాత్రలు చేతిలో పెట్టి వెళ్ళేవాడు. నాకు ఒకసారి అలా తీశారు. మూడు వారాల తర్వాత, నేను బళ్ళో ఆడుకుంటుంటే ఇంటికి వచ్చి, ‘మీవాడికి మలేరియా ఉందమ్మా’ అన్నాడు. మా అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక అతనికి మజ్జిగ ఇచ్చింది.

జబ్బుల మీద నిఘా అన్న మాటకు ఆ మూడు వారాలు ప్రాణం మీది గండం. చుక్క తీసిన చోట సూక్ష్మదర్శిని లేదు. పలకలు కట్టలు కట్టి బస్సులో వెళ్ళాలి, రంగు వెయ్యాలి, ఒక మనిషి రోజంతా కన్ను పెట్టి చూడాలి, కాగితం తిరిగి రావాలి. ఫలితం వచ్చే లోపల రోగి కోలుకునేవాడు, లేదా దోమల ద్వారా పది మందికి పంచేవాడు, లేదా పోయేవాడు. మళ్ళీ ఏడాదికి నూటికి పది మంది రక్తమైనా చూడాలని టార్గెట్ ఒకటి. బడిలో పిల్లల్ని వరసలో నిలబెడితే ఒక్క పూటలో నెల టార్గెట్ అయిపోతుంది. మమ్మల్నీ నిలబెట్టారు, జ్వరం ఉన్నవాడెవడూ ఆ వేళ బడికి రాలేదు మరి. కాగితం మీద పరీక్షలు పెరుగుతాయి, జ్వరాలు తగ్గుతాయి.

అయినా మొదట్లో ఆ యంత్రం బాగానే తిరిగింది. 1960ల నడుమకు దేశం మొత్తం మీద కేసులు లక్ష దాకా దిగాయి. ఇక పోయినట్టే అనుకున్నారు. తిరిగే మనుషులు, కొట్టే మందు సన్నగిల్లాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. నిర్మూలన అన్న మాటను పక్కనపెట్టి మరుసటి ఏడు కొత్త పథకం రాసుకున్నారు.

అదే రోజుల్లో మశూచి వేరే పాఠం చెప్పింది. 1973 శరత్కాలంలో బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఊరూరా వెతకడం మొదలుపెట్టేసరికి, అంతవరకూ ఏ రిపోర్టుకూ ఎక్కని కేసులు వేలల్లో బయటపడ్డాయి. వెతికేవాళ్ళ చేతిలో మశూచి పొక్కులున్న పసిబిడ్డ బొమ్మ కార్డు ఉండేది. అది పట్టుకుని సంతలకు, బళ్ళకు వెళ్ళి ‘ఇలాంటివాళ్ళని ఎక్కడైనా చూశారా’ అని అడిగేవాళ్ళు. కేసు చూపినవాళ్ళకు బహుమతి. ఆ బహుమతి పెరుగుతూ 1975 నాటికి వెయ్యి రూపాయలైంది, అప్పటి వెయ్యి! ఆ ఏడాది మే నెలలోనే దేశంలో ఆఖరి కేసులు. ఉద్యోగికి ఒక్కసారిగా తెలివి పెరిగి దొరకలేదవి. చెబితే ఏదో ఒకటి జరుగుతుందని జనానికి నమ్మకం కలిగింది, చెప్పారు.

ఇక్కడ మా ప్రాంతం దాటి కాస్త దక్షిణానికి వెళ్ళాలి. 1980లలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వైరస్‌ల నిపుణుడు టి. జాకబ్ జాన్, ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక పోస్టుకార్డు ఏర్పాటు చేశారు. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా, టీకాతో ఆపగలిగిన జబ్బు, నీళ్ళవల్ల వచ్చే జబ్బు ఏదైనా కనిపిస్తే అచ్చు కార్డు నింపి పోస్టులో వెయ్యాలి, అంతే. వచ్చిన కార్డులన్నీ కలిపి నెలనెలా ఒక బులెటిన్ వేసి తిరిగి ఆ డాక్టర్లకే పంపేవారు. పక్క ఊళ్ళో కలరా ఉందని తన టేబుల్ మీదికే కాగితం వచ్చిన డాక్టరు మరుసటి నెల కార్డు రాయకుండా ఉంటాడా? 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో దీన్ని వర్ధమాన దేశాలకు నమూనాగా చెప్పారు. నన్నడిగితే అందులో గొప్పది కార్డు కన్నా ఆ బులెటినే. మన దేశంలో ఆరోగ్య కాగితం పైకి ఎక్కడమే గానీ కిందికి దిగడం అరుదు.

ఢిల్లీకి మాత్రం సూరత్ కావలసివచ్చింది. 1994 ఆగస్టులో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో ప్లేగు, సెప్టెంబర్‌లో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు. లక్షల మంది రైళ్ళెక్కి పారిపోయారు, విమానాలు ఆగాయి, ఎగుమతులు పడిపోయాయి. జిల్లాలో ఏం జరుగుతోందో జిల్లాకే తెలియదని అప్పుడు తేలింది. కొద్ది జిల్లాల్లో మొదలుపెట్టి, 2004 నవంబర్‌లో ప్రపంచబ్యాంకు సాయంతో ఐడీఎస్పీ అనే దేశవ్యాప్త జబ్బుల నిఘా ఏర్పాటు వచ్చింది. మొదటి విడతలో ఆంధ్ర, మహారాష్ట్ర, ఆ తర్వాతి విడతలో ఒడిశా. పల్లెల్లో తిరిగే నర్సు, అంటే ఏఎన్ఎం, లక్షణాలు చూసి నింపేది ఎస్ ఫారం, డాక్టరు నింపేది పి ఫారం, ల్యాబ్‌ది ఎల్ ఫారం. అప్పట్లో సోమవారం నుంచి ఆదివారం దాకా వారం లెక్క. ఏమీ లేకపోతే ‘నిల్’ అని పంపాల్సి ఉండేది. ఈ నిల్ చాలా చిత్రమైన మాట. జబ్బు లేకపోయినా నిల్లే, ఆ వారం ఏఎన్ఎం సెలవులో ఉన్నా నిల్లే, వాగు పొంగి కొండ దిగి ఎవరూ రాకపోయినా నిల్లే.

2007 ఆగస్టు, సెప్టెంబర్‌లలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో, చుట్టుపక్కల కోరాపుట్, కలాహండి పల్లెల్లో కలరా పాకింది. కొండవాగు పక్కన ఇసకలో తవ్వుకున్న చెలమ నీళ్ళు తాగే పల్లెలవి. మనిషి పోయాక కబురు కొండ దిగుతుంది, కబురు దిగాక జీపు కొండెక్కుతుంది. 2022 జూలైలో మళ్ళీ అదే కాశీపూర్, మళ్ళీ కలరా. ఈసారికి ఫోన్లున్నాయి. నీళ్ళు మాత్రం చాలాచోట్ల ఆ చెలమవే.

మల్కన్‌గిరిది మరో కథ. 2016 సెప్టెంబర్ నుంచి అక్కడ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. మూర్ఛ, స్పృహ తప్పడం, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవడం. కొందరి నమూనాల్లో జపనీస్ మెదడువాపు తేలింది, పందుల్ని ఊళ్ళకు దూరంగా తరిమారు, టీకాలు మొదలుపెట్టారు. కానీ చాలామంది పిల్లల కాలేయం, గుండె కూడా దెబ్బతిన్నాయి, ఆ లెక్క మెదడువాపుకు కుదరలేదు. పరిశీలించడానికి వచ్చింది పోస్టుకార్డుల జాకబ్ జాన్‌ గారే. ఆయన చూపించింది ఒక మొక్కను. ఒడియాలో బన చకుండా, మన కసివింద. దాని గింజలు పచ్చివి తిన్న పిల్లలకు విషం ఎక్కుతోందని చెప్పారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో అంతకుముందే ఇలాంటి చావుల వెనక ఆయన బృందం ఈ మొక్కనే పట్టుకుంది. ఎస్ ఫారంలో ‘జ్వరం, స్పృహ లేదు’ అని ఒక గడి ఉంటుంది. ఆకలేసి పిల్లాడు చేను గట్టున ఏం తిన్నాడో రాయడానికి గడి లేదు. తలారి ‘జ్వరాలు’ గడికి ఇది మనవరాలు.

ఇన్నిటి మధ్య కొండల్లో నిజంగా లెక్క మార్చినది ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క. ఆశా కార్యకర్త చేతిలో ర్యాపిడ్ కిట్. వేలు గుచ్చి చుక్క వేస్తే పావుగంటలో గీతలు తేలతాయి, మందు అక్కడికక్కడే. మూడు వారాలు పావుగంట అయ్యాయి. 2017లో ఒడిశా దమన్ అనే కార్యక్రమం పెట్టి, దారిలేని ఊళ్ళలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరి రక్తం చూసింది. పైకి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో పరాన్నజీవి ఉన్నవాళ్ళు బయటపడ్డారు. అప్పుడే రాష్ట్రమంతటా కోటికి పైగా దోమతెరలు పంచారు. 2016లో 4 లక్షలు దాటిన కేసులు 2019కి 40 వేల లోపుకు దిగాయి. ఆ తర్వాత కాస్త బిగువు సడలినట్టుంది, 2023లో మళ్ళీ 40 వేలు దాటాయి. 1976ను మరిచిపోయినవాళ్ళకు ఇదేదో కొత్త వింత.

2021 ఏప్రిల్‌లో వారం ఫారాల స్థానంలో ఐహెచ్ఐపీ అనే పోర్టల్ వచ్చింది. ఒక్కో రోగి వివరం ఏ రోజుకారోజు ఎక్కించవచ్చు. కొండ మీద సిగ్నల్ దొరికితే. ఒడిశాలో బ్లాకు, ఆంధ్రాలో మండలం. ఒక వైపు ఊరి పేరు ఒడియా పలుకుబడిలో, రెండో వైపు తెలుగు పలుకుబడిలో. సాలూరుకు ఎగువన కొటియా పల్లెల్లో ఈ తికమక ఇంకో మెట్టు ఎక్కుతుంది. అవి తమవేనని 1968 నుంచి రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టు మెట్లెక్కుతున్నాయి. అక్కడివాళ్ళ దగ్గర రెండు వైపుల కార్డులూ ఉన్నాయి. ఒకే జ్వరం రెండుసార్లు లెక్కకు రావచ్చు, లేదా ఇద్దరూ ఎదుటివాడి ఖాతా అనుకుంటే ఒక్కసారీ రాకపోవచ్చు. మల్కన్‌గిరి దక్షిణాన మోటు వైపువాళ్ళు భద్రాచలం వెళ్తారు. కోరాపుట్‌వాళ్ళు విశాఖ వెళ్తారు. ఎటు బస్సుంటే అటు.

కాశీనగర్ వైపు పల్లెలో ఒక ఆశా దీదీ నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, మీటింగులో ఒడియా మాట్లాడుతుంది. సర్కారు రిజిస్టరు కాక ఆమె దగ్గర ఓ నోటుబుక్కు ఉంది. ఎవరైనా ‘అటు’ వెళ్ళి సూదులు వేయించుకుని వచ్చారని తెలిస్తే ఇంటికి వెళ్ళి మిగిలిన మాత్రల అట్ట చూపించమంటుంది. అట్ట చూస్తే ఏ రకం మలేరియాకు ఇచ్చారో ఆమెకు తెలిసిపోతుంది. కోర్సు మధ్యలో ఆపేస్తే తిట్టి మింగిస్తుంది. ఆ పేర్లు రాసుకోవడానికి రిజిస్టరులో చోటు లేదు కాబట్టి నోటుబుక్కు వెనక నుంచి రాస్తుంది. పైన తెలుగులో ‘ఆంధ్రా జొరాలు’ అని శీర్షిక. నేను చూసిన రోజున పదకొండు పేర్లున్నాయి. ఇవి ఎవరికి పంపుతావు దీదీ అంటే, ఎవరడిగారు బాబూ అంది.