బోరుకు పర్మిట్టు, మోటారుకు గంటలు... నీళ్లకు లెక్కేది?

పొలం కింది నీళ్లు ఎవరివి? మన దగ్గర చట్టం చెప్పే జవాబు 1882 నాటిది. ఆ ఏటి ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, భూగర్భంలో నిర్దిష్టమైన పాయగా పారని నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానిదే. మోటబావుల కాలంలో దీంతో పేచీ రాలేదు. ఎద్దులు అలిసిపోతే తోడకం ఆగేది. సబ్‌మెర్సిబుల్ మోటారు అలిసిపోదు.

1970లో కేంద్రం రాష్ట్రాలకు నమూనా బిల్లు పంపింది. నీరు రాష్ట్రాల అంశం కాబట్టి చాలా రాష్ట్రాలు దాన్ని ఏళ్ల తరబడి పక్కన పడేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1996లో తాగునీటి వరకు ఒక చట్టం చేసి, 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) తెచ్చింది. దాని ప్రకారం బావులన్నీ నమోదు కావాలి, కొత్త బోరుకు ముందస్తు అనుమతి కావాలి, రిగ్గులూ రిజిస్టర్ కావాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు ఇంకో బోరు వేయకూడదు. కాగితం మీద గట్టి చట్టమే. కానీ దాని పట్టంతా బోరు వేసే రోజు మీదే. మూడొందల అడుగుల బోరు రిగ్గుకు ఒక్క రాత్రి పని. తెల్లారేసరికి నీళ్లు పడ్డాక పూడ్చేయమని చెప్పేదెవరు? అనుమతి ఇచ్చేది ఒక శాఖ, కరెంటు ఇచ్చేది ఇంకొకటి.

రాయలసీమ, తెలంగాణ నేల స్వభావం తెలిస్తే సమస్య లోతు అర్థమవుతుంది. ఇక్కడ కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. నీళ్లు నిలిచేది పైనున్న చివికిన రాతిపొరలో, దాని కింది పగుళ్లలో. ఆ పొర పరిమాణంలో మనకు దక్కే నీరు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లే. రెండు పాళ్లనుకుంటే 100 మిల్లీమీటర్ల నీరు ఇంకితే మట్టం అయిదు మీటర్లు లేస్తుంది, అంతే తోడితే అయిదు మీటర్లు దిగుతుంది. ఒకే పగులు మీద ఇద్దరు బోర్లు వేస్తే లోతుగా వేసినవాడిదే నీళ్లు.

అసలు కథ నడిచింది కరెంటు దగ్గర. 1980ల తొలినాళ్లలో మీటర్లు పోయి, హార్స్‌పవర్‌కు ఇంతని శ్లాబు వచ్చింది. దాంతో అదనంగా తోడే ప్రతి గంటా ఉచితమే అయింది. 2000లో చార్జీలు పెంచితే ఉద్యమం బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లింది. 2004 మేలో ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడింది. దానికి కెపాసిటర్, ఐఎస్ఐ పంపు, ఘర్షణ తక్కువ ఫుట్‌వాల్వు, మంచి పైపు పెట్టుకోవాలని షరతులు పెట్టారు. ఇవన్నీ కరెంటు ఆదా చేసేవి. అదే కరెంటుకు ఎక్కువ నీళ్లొస్తే తోడకం తగ్గదు మరి.

మిగిలిన పగ్గం సరఫరా గంటలే. 2003 నుంచి గుజరాత్ జ్యోతిగ్రామ్ పథకంలో పొలాలకు వెళ్లే కరెంటు లైన్లను (వ్యవసాయ ఫీడర్లను) ఊళ్ల లైన్ల నుంచి విడదీసి, వాటికి ఎనిమిది గంటలు మాత్రం మోటార్లు నడిచే త్రీఫేజ్ ఇచ్చింది. మన దగ్గర ఆటోస్టార్టర్లు ఈ గంటల లెక్కను తారుమారు చేశాయి. అర్ధరాత్రి కరెంటొస్తే మోటారు దానంతటదే నడుస్తుంది. రైతు లేచి చూసేసరికి మడి నిండి గట్టు దాటి ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలింది ఇందుకే.

నీటినే నేరుగా కొలిచిన ప్రయత్నం ఒకటుంది. 2003 నుంచి ఏడు కరువు జిల్లాల్లో నెదర్లాండ్స్ సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్, అంటే రైతులే తమ భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టు. పద్ధతి సులువే. ఊళ్లో వాన కొలుస్తారు, ఎంచుకున్న బోర్లలో క్రమం తప్పకుండా మట్టం చూస్తారు, యాసంగికి ముందు కూర్చుని పంటల లెక్క వేస్తారు. బోరు సత్తువ తెలియాలంటే డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము చాలు. మోటారు వేయగానే కొలిస్తే అంకె ఎక్కువ వస్తుంది. గంట నడిచి మట్టం కుదురుకున్నాక కొలవాలి. డ్రమ్ము 60 సెకన్లలో నిండితే తొమ్మిది గంటలకు 1.08 లక్షల లీటర్లు, 120 రోజులకు దాదాపు 1.3 కోట్లు. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48.5 లక్షల లీటర్లు వేసుకుంటే రెండున్నర ఎకరాలకు కాస్త పైన. 450 మిల్లీమీటర్ల వేరుశనగైతే ఏడెకరాలు. మడిలోంచి తిరిగి ఇంకే నీటిని జమ వేయడం మరవకూడదు, లేదంటే ఊరి లోటు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ లెక్కకు చట్టబలం లేదు. వరి వేస్తానన్నవాణ్ని ఎవరూ ఆపలేరు. ఆపగలిగింది పంజాబ్: 2009 చట్టంతో జూన్ 10కి ముందు నాట్లు వేయకుండా కట్టడి చేసింది. నాటు దాచితే దాగేది కాదు కాబట్టి అక్కడ అమలు తేలికైంది.

ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంతో మొదలుపెట్టి 2020 తర్వాత మోటార్లకు మీటర్లు పెట్టబోతే, తెలంగాణ ఒప్పుకోనంది. రేపు బిల్లు కట్టమంటారన్న రైతు భయం అలా ఉంచితే, మీటరు చూపేది యూనిట్లను. వంద అడుగుల నుంచి వచ్చే నీటికైనా రెండొందల అడుగుల నుంచి వచ్చే నీటికైనా అది యూనిట్లే చెబుతుంది. రెండో బోరులో అదే యూనిట్‌కు వచ్చేది దాదాపు సగం నీళ్లే. అదే 2020లో ఆంధ్రప్రదేశ్ ఉచితంగా బోర్లు వేయించే జలకళ పథకమూ తెచ్చింది.