రైటర్ బల్ల దగ్గరే ఆగిపోయే లెక్క

బస్సులో ఫోన్ కొట్టేశారని ఫిర్యాదు రాసుకుని ఒకసారి స్టేషన్‌కు వెళ్లాను. రైటర్ చదివి కాగితం వెనక్కి తోశాడు. "కొట్టేశారని ఎందుకండీ, ఎక్కడో జారిపోయిందని రాయండి, పని తొందరగా అవుతుంది" అన్నాడు. కొత్త సిమ్ తీసుకోవాలనే టెన్షన్‌లో అలాగే రాసిచ్చాను. అలా ఆ దొంగతనం ఏ లెక్కలోకీ రాలేదు.

నేరాలు పెరిగాయా, తగ్గాయా అని వాదించుకునేటప్పుడు అందరూ చూపేది జాతీయ నేర గణాంకాల నివేదికనే. అది 1953 నుంచి వస్తోంది. ఇప్పుడు దాన్ని తెచ్చే ఎన్‌సీఆర్‌బీని (జాతీయ నేర రికార్డుల బ్యూరో) 1986లో పెట్టారు. ఎఫ్ఐఆర్ అయితేనే అందులోకి ఎక్కుతుంది. భయపడి గడప తొక్కనివాళ్లు, తొక్కినా తిప్పి పంపేసినవాళ్లు అందులో ఉండరు. దాంతో కేసులు నిజాయితీగా కట్టే రాష్ట్రమే నేరాలు ఎక్కువున్న రాష్ట్రంలా కనిపిస్తుంది. ఇది చాలా అన్యాయం.

అమెరికా 1972లో, బ్రిటన్ 1982లో నేరుగా ఇళ్లకు వెళ్లి అడగడం మొదలుపెట్టాయి. ఈమధ్య మీకేమైనా జరిగిందా? పోలీసులకు చెప్పారా? చీకటి పడ్డాక మీ వీధిలో ఒంటరిగా నడవాలంటే భయమా? మన దగ్గర అలాంటి ప్రశ్న ఇంటింటికీ వెళ్లింది ముఖ్యంగా కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, అదీ ఆడవాళ్లపై హింస గురించే. 2019-21 సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస చూశామన్నారు. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింసకు గురైనవాళ్లలో సాయం అడిగింది 14 శాతమే. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటికి, పోలీసుల దగ్గరికి కాదు.

2008లో ఘజియాబాద్ దగ్గర ఓ బాలిక కనిపించకుండా పోతే, తండ్రి ఫిర్యాదు ఇచ్చినా స్టేషన్‌లో వెంటనే కేసు నమోదు చేయలేదు. ఆ కేసులోనే 2013 నవంబర్ 12న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది: కేసు పెట్టదగ్గ నేరమని ఫిర్యాదులో తెలిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి. అయినా 2019 నవంబర్‌లో హైదరాబాద్ దగ్గర శంషాబాద్‌లో ఓ వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగిన రాత్రి, కూతురు కనిపించడం లేదంటూ పరుగెత్తిన కుటుంబానికి "మా పరిధి కాదు" అన్న మాటే ఎదురైంది. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆఫీసు నుంచి బయల్దేరగానే మా చెల్లి లొకేషన్ పంపడం ఆ వారంలోనే మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆపలేదు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పంపొచ్చు. కాకపోతే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి, మళ్లీ ఆ బల్ల దగ్గరే.