అంగన్‌వాడీ జీతాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అంగన్‌వాడీ కేంద్ర పథకం. జీతం పెంచాలంటే ఢిల్లీ వాళ్లే పెంచాలి.

వాస్తవం: టీచర్‌కు కేంద్రం లెక్కగట్టిన గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు. 2018 అక్టోబర్ నుంచి ఆ అంకె కదల్లేదు. అందులోనూ కేంద్రం ఇచ్చేది 60 శాతమే, అంటే 2,700. తెలంగాణలో టీచర్‌కు ముట్టేది 13,650. మిగతా 10,950 రాష్ట్ర బడ్జెట్ నుంచే వస్తోంది. 2015లో 7,000, 2017లో 10,500, 2021లో 13,650... ఈ మూడుసార్లూ పెంచింది రాష్ట్రమే. కాబట్టి అడగాల్సింది ఇద్దరినీ: కేంద్రాన్ని ఆ 4,500 సవరించమని, రాష్ట్రాన్ని తన వాటా పెంచమని. ఒకరిని చూపి ఇంకొకరు తప్పించుకునే వీలు ఇవ్వొద్దు.

అపోహ: ఊళ్లోనే ఉండి చేసే పనికి ఆ డబ్బులు చాలు.

వాస్తవం: ఆయాకు నెలకు 7,800. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే రోజుకు 300. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. దేవరకొండ వైపైనా, నారాయణపేట వైపైనా పొద్దున సెంటర్ ఊడ్చి, పొయ్యి వెలిగించి, పిల్లల్ని ఇంటింటి నుంచి తోలుకొచ్చే మనిషికి ఉపాధి కూలి కన్నా తక్కువ పడుతోంది. టీచర్‌కు రోజుకు 525. ఇద్దరికీ కరువు భత్యం లేదు, అందుకే ధరలు పెరిగిన కొద్దీ అదే జీతం ఏటా చిక్కిపోతుంది.

అపోహ: అన్నం వండిపెట్టి పంపడమేగా.

వాస్తవం: ప్రీస్కూల్ చదువు, బరువు, ఎత్తు తీయడం, ఏడు నెలలు దాటిన పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పోషకాహార పొడి) పంచడం, గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్య లక్ష్మి భోజనం, ఇవన్నీ పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎక్కించడం. సిగ్నల్ లేని తండాలో ఆ చివరి పనికే ఎక్కువ పొద్దు పోతుంది.

అపోహ: గౌరవ వేతనం తీసుకునేవాళ్లకు గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిశాక సర్వీసును బట్టి ఒకేసారి ఇచ్చే డబ్బు) రాదు.

వాస్తవం: అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పిచ్చింది. లెక్క ఇలా: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఇప్పటి జీతంపై టీచర్‌కు ఏడాదికి 7,875, ఆయాకు 4,500 పడుతుంది. 30 ఏళ్లు చేస్తే టీచర్‌కు 2,36,250, ఆయాకు 1,35,000. రాష్ట్రం 2024లో ప్రకటించిన రిటైర్మెంట్ సాయం టీచర్‌కు 2 లక్షలు, ఆయాకు లక్ష. సర్వీసు ఎక్కువున్నవాళ్లకు గ్రాట్యుటీయే పెద్ద మొత్తం. అందుకే "ఇక నాకు రావాల్సిందేమీ లేదు" అని రాసి ఉన్న కాగితం మీద ఈ లెక్క వేసుకోకుండా సంతకం పెట్టొద్దు.

గ్రాట్యుటీ దరఖాస్తు రాతపూర్వకంగా సీడీపీవో (అంగన్‌వాడీ ప్రాజెక్టు అధికారి) ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. నియామక ఉత్తర్వు, చేరిన తేదీ రుజువు, చివరి జీతం వివరం జతచేయాలి. 30 రోజుల్లో డబ్బు రాకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. ఎక్కువగా బెడిసేది చేరిన తేదీ దగ్గర. 2016లో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు విడిపోయాయి. సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ టీచర్ల పాత ఫైళ్లు ఇంకా పాత జిల్లా ఆఫీసులోనే ఉండొచ్చు. రిటైర్మెంట్‌కు ఏడాది ముందే వెతికించి, సర్టిఫై చేసిన నకలు తీసుకోండి.

అపోహ: జీతం ఆగిందంటే బడ్జెట్ లేదనే.

వాస్తవం: ఒక్కోసారి బ్యాంకు వివరాలే కారణం. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎక్కువ ఊళ్లలో ఉన్న ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాస్‌బుక్‌లోని ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, ప్రాజెక్టు ఆఫీసు రికార్డులోని కోడ్ ఒకటేనో కాదో చూసుకోండి. తేడా ఉంటే కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ నకలు సూపర్‌వైజర్‌కు ఇచ్చి, వచ్చే నెల బిల్లు పెట్టకముందే సరిచేయించుకోండి.