కొడుకు చెప్పిన మాట, మనవలు చెప్పిన మాట

1873లో ఒహాయోలోని ఓ చిన్న పత్రికలో మేడిసన్ హెమింగ్స్ అనే వడ్రంగి తన కథ చెప్పుకున్నారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. తన తండ్రి అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ అనీ, తల్లి ఆయన ఇంట్లో బానిసగా బతికిన శాలీ హెమింగ్స్ అనీ చెప్పారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా పేరున్న చరిత్రకారుల్లో చాలామంది ఆ మాటను కొట్టిపారేశారు. దాన్ని మళ్లీ తీసి, సాక్ష్యంగా నిలబెట్టింది ఆనెట్ గోర్డన్ రీడ్.

1958లో టెక్సస్‌లో పుట్టారామె. కాన్రో పట్టణంలో తెల్లపిల్లల బడిలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి పిల్ల ఆమే. జెఫర్సన్ మీద ఆసక్తి మూడో తరగతిలోనే మొదలైంది. హార్వర్డ్‌లో లా చదివి, న్యూయార్క్‌లో లా పాఠాలు చెబుతూ 1997లో ఈ వివాదం మీద పుస్తకం రాశారు. లాయర్ కావడమే ఆమెకు కలిసొచ్చిందని నా నమ్మకం.

నిజానికి ఈ సంగతి మేడిసన్‌తో మొదలు కాలేదు. 1802లోనే, జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉండగా, జేమ్స్ క్యాలెండర్ అనే పత్రికా రచయిత దీన్ని రిచ్‌మండ్‌లో అచ్చేశాడు. జెఫర్సన్ బహిరంగంగా ఏ జవాబూ ఇవ్వలేదు. ఆ పిల్లల తండ్రి ఆయన కాదు, ఆయన మేనల్లుడని తర్వాత కుటుంబం చెప్పుకొచ్చింది. ఏ మేనల్లుడు? మనవరాలు శామ్యూల్ కార్ అంది, మనవడు పీటర్ కార్ అన్నాడు. తోబుట్టువులిద్దరి మాటే కలవలేదు. అయినా చరిత్రకారులు వాళ్లనే నమ్మారు. బానిసగా పుట్టినవాడి మాటకు మాత్రం వంద వంకలు పెట్టారు. గోర్డన్ రీడ్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే. రెండు వైపుల సాక్షులను రెండు వేర్వేరు కొలతలతో కొలిచారని పేజీ పేజీకీ చూపించారు.

జెఫర్సన్ సొంత చేతిరాతలో ఉన్న లెక్కల పుస్తకంలో శాలీ పిల్లల పుట్టిన తేదీలున్నాయి. ఆమె గర్భం దాల్చిన ప్రతిసారీ ఆయన మాంటిచెల్లో ఇంట్లోనే ఉన్నారు. పెరిగి పెద్దయిన నలుగురు పిల్లలకూ స్వేచ్ఛ దొరికింది. జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలున్న ఆ మనిషి దగ్గర, పిల్లలందరూ విడుదలైన కుటుంబం మరొకటి లేదు.

మరుసటి ఏడాదే, 1998లో, డీఎన్ఏ పరీక్ష వచ్చింది. శాలీ చిన్నకొడుకు ఎస్టన్ వంశంలోని మగవారి డీఎన్ఏ జెఫర్సన్ వంశంతో సరిపోయింది, కార్ వంశంతో సరిపోలేదు. ఆ పరీక్ష ఒక్కటే తండ్రి ఫలానా అని చెప్పలేదు, ఇప్పటికీ ఒప్పుకోనివాళ్లు కొందరున్నారు. కానీ మేనల్లుళ్ల కథకు అక్కడితో తెరపడింది. మాంటిచెల్లోను నడిపే సంస్థ 2000లో అన్ని ఆధారాలూ చూసి, తండ్రి జెఫర్సనే అయ్యే అవకాశం చాలా ఎక్కువని తేల్చింది.

గోర్డన్ రీడ్ అక్కడితో ఆగలేదు. శాలీని ఒక వివాదంగా వదిలేయకుండా హెమింగ్స్ కుటుంబం మొత్తం కథ రాశారు. శాలీ జెఫర్సన్ చనిపోయిన భార్యకు సవతి చెల్లెలు, 14 ఏళ్ల వయసులో పారిస్ వెళ్లింది. అక్కడ ఉండిపోతే స్వేచ్ఛ అడగొచ్చు. పుట్టబోయే పిల్లలను 21 ఏళ్లకు విడుదల చేస్తానని జెఫర్సన్ దగ్గర మాట తీసుకున్నాకే తిరిగొచ్చిందని మేడిసన్ చెప్పారు. ఆ పుస్తకానికి 2009లో పులిట్జర్ వచ్చింది. చరిత్ర విభాగంలో ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమే.

2018 జూన్‌లో మాంటిచెల్లోలో శాలీ కోసం ఒక గది తెరిచారు. ఆమె బొమ్మ ఒక్కటీ మిగల్లేదు కాబట్టి గోడ మీద నీడలా చూపిస్తారు. అక్కడ ఆమె కథను సందర్శకులకు చెప్పేవి మేడిసన్ మాటలే.