లింకు తిప్పితే బార్ బిగుసుకోదు: ఎడ్జస్టబుల్ ఎండ్ లింకుల మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, ఎడ్జస్టబుల్ ఎండ్ లింకులు వేసి ఫుల్‌గా టైట్ చేశాను, అయినా మలుపులో కారు ఒరుగుతూనే ఉంది. ఇంకో రెండు చుట్లు తిప్పమంటావా?"

ఈ మాట అడిగినవాళ్లలో మొన్న శనివారం వచ్చిన అబ్బాయి ఈ నెలకి మూడోవాడు. నేను డాలస్ దగ్గర ఒక చిన్న షాపులో సస్పెన్షన్, అలైన్‌మెంట్ పని చేస్తాను. వచ్చేవాళ్లలో మనవాళ్లు బాగానే ఉంటారు, ఎక్కువమంది కొత్తగా ఉద్యోగంలో చేరి సెకండ్ హ్యాండ్‌లో మియాటానో బీఆర్‌జెడ్‌నో మస్టాంగ్‌నో కొనుక్కున్న కుర్రాళ్లు. కారు మీద ప్రేమ ఉంది, చేతిలో డబ్బు తక్కువ, ఎవరో వీడియోలో ఏదో చెప్పారు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా, ఇకపై అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా. స్వే బార్ అంటే ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలుపుతూ మలుపులో ఒరుగుడు తగ్గించే కడ్డీ, దాని చివరల్ని సస్పెన్షన్‌కి తగిలించే చిన్న రాడ్లే ఎండ్ లింకులు, పొడవు మార్చుకోగలిగినవి ఎడ్జస్టబుల్. ఊళ్లో స్టెబిలైజర్ బార్, లింక్ రాడ్ అంటామే, అవే ఇవి.

అపోహ: లింకు పొడవు మారిస్తే బార్ గట్టిపడుతుంది, ఒరుగుడు తగ్గుతుంది.

గట్టిపడదు. ఇది నులక మంచం ఆలోచన, తాడు లాగి బిగిస్తే మంచం గట్టిపడినట్టు లింకు బిగిస్తే బార్ కూడా బిగుస్తుందని. బార్ అలా పనిచేయదు. తడి టవల్ పిండటం గుర్తు తెచ్చుకోండి. రెండు చేతులూ ఒకే వైపు తిప్పితే టవల్ ఊరికే దొర్లుతుంది, చుక్క నీరు రాదు. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు తిప్పితేనే మెలి పడుతుంది. రెండు చక్రాలూ కలిసి పైకి లేస్తే బార్ తన బుష్‌లలో (దాన్ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మల్లో) తిరిగి ఊరుకుంటుంది. ఒకటి లేచి ఇంకోటి దిగినప్పుడే మెలితిరిగి అడ్డం పడుతుంది. కాబట్టి రెండు లింకుల్నీ సమానంగా పొడుగు చేశారనుకోండి, బార్ చివరలు కాస్త పైకో కిందకో జరుగుతాయి, అంతే.

గట్టిదనం కావాలంటే అది బార్ మందంలో ఉంది, బార్ చేతి (లింకు తగిలే వంపు చివర) పొడవులో ఉంది. గుల్ల లేని బార్ అయితే గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే 24 మిల్లీమీటర్ల నుంచి 26కి వెళ్తే చూడ్డానికి తేడా తెలియదు కానీ గట్టిదనం దాదాపు 38 శాతం పెరుగుతుంది. బార్ చివర రెండు మూడు రంధ్రాలుంటే లింకుని లోపలి రంధ్రంలోకి మార్చండి, చెయ్యి పొట్టిదై గట్టిపడుతుంది, పైసా ఖర్చు లేదు.

రెండూ సమానంగా తిప్పితే నష్టం లేదు, డబ్బు దండగ తప్ప. ఒక్క వైపే తిప్పినవాళ్ల సంగతే నాకు బాధ. నాలుగు కాళ్ల కుర్చీకి ఒక కాలి కింద అట్టముక్క పెట్టి కూర్చోండి, బరువంతా ఆ కాలి మీద, దానికి మూలకి ఎదురుగా ఉన్న కాలి మీద పడి మిగతా రెండూ తేలిపోతాయి. ఒక లింకు పొడుగైతే కారుకి జరిగేది ఇదే. కారు కదలకుండా నిలబడి ఉన్నా బార్ మెలిపడే ఉంటుంది, దాన్నే ప్రీలోడ్ అంటాం. ఒక ముందు చక్రం, దానికి మూలన ఉన్న వెనక చక్రం బరువెక్కుతాయి, మిగతా రెండూ తేలికవుతాయి. తర్వాత కారు కుడికి ఒకలా, ఎడమకి ఒకలా తిరుగుతుంది.

పోయినేడాది ఒక అబ్బాయి 2001 మియాటా తెచ్చాడు, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ జతలు) వేసి కిందికి దించిన కారు. కుడి మలుపులో అతుక్కుపోయినట్టు వెళ్తుంది, ఎడమ మలుపులో ముక్కు బయటికి జారుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి వేరే చోట్ల మూడు సార్లు అలైన్‌మెంట్ చేయించాడు, ఒక్కోటి వంద డాలర్ల పైనే. మూడు రిపోర్టులూ నా చేతిలో పెట్టాడు, మూడింట్లోనూ అంకెలు బాగానే ఉన్నాయి. ఎందుకుండవు? అలైన్‌మెంట్ మెషిన్ చక్రాల కోణాలు చూస్తుంది, ఏ చక్రం మీద ఎంత బరువుందో దానికి తెలియదు. "అన్నా, ఫ్రేమ్ వంగిందేమో, నన్ను మోసం చేసి అమ్మారేమో" అని మొహం పాలిపోయి నిలబడ్డాడు పాపం. ముందు ఎడమ లింకు కింది బోల్టు తీశాను. ఆఖరి థ్రెడ్ దాటగానే టక్కున ఎగిరి రంధ్రానికి పక్కన నిలబడింది, మధ్యలో నా బొటనవేలు దూరేంత సందు. పాత ఓనరెవరో కారు జాకీ మీద పెట్టి, అందినంత వరకు తిప్పి బిగించేసినట్టున్నాడు. బోల్టు రంధ్రంలోకి వేలితో జారేదాకా లింకు తిప్పి సరిచేశాను. అరగంట పని.

దీని తమ్ముడే ఇంకో అపోహ, రెండు లింకులూ స్కేలు పెట్టి కొలిస్తే ఒకే పొడవుండాలని. ఉండక్కర్లేదు. డ్రైవరు ఒక పక్కనే కూర్చుంటాడు, పాత కారులో బ్రాకెట్లు రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. స్కేలుతో పని లేదు, బోల్టు చేత్తో జారిందా లేదా అన్నదే కొలత. నేను చేసే పద్ధతి ఇది: సమతలం మీద నాలుగు చక్రాల కింద ఒకే ఎత్తు దిమ్మలు పెట్టి కారు ఎక్కించాలి (జాకీ మీద వేలాడే కారు కింద దూరొద్దు, బతిమాలుతున్నా). డ్రైవరు సీట్లో మీ బరువు పెట్టాలి. కారుని రెండు సార్లు కిందికి నొక్కి వదిలి సస్పెన్షన్ కుదురుకోనివ్వాలి. ముందొక లింకు, వెనకొక లింకు విప్పి, ఒక్కోటి జారేదాకా సరిచేయాలి, అప్పుడు చెక్ నట్లు (పెట్టిన పొడవు మారకుండా పట్టి ఉంచేవి) బిగించాలి. సీట్లో కూర్చోడానికి మనిషి లేకపోతే బియ్యం బస్తాలు వాడండి, ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఎనిమిది పెడితే 160 పౌండ్లు. ఈ మియాటా అబ్బాయి ఇంట్లో ఉన్న రెండు బస్తాలు తెచ్చి, మిగతా ఆరు దారిలో ఇండియన్ స్టోర్‌లో కొన్నాడు, సాయంత్రానికి వాళ్ల రూమ్మేట్ ఫోన్, వంటకి బియ్యం ఎక్కడని.

అపోహ: కారు దించితే ఎడ్జస్టబుల్ లింకులు తప్పనిసరి, లేకపోతే ప్రీలోడ్ వస్తుంది.

సగం అబద్ధం. రెండు వైపులా సమానంగా దించితే బార్ తిరుగుతుంది తప్ప మెలిపడదు, టవల్ లెక్కే. అయితే బాగా దించినప్పుడు బార్ చెయ్యి వాలిపోయి, లింకు ఏటవాలుగా నిలబడి, దాని చివరి బాల్ జాయింట్ తిరగగలిగిన కోణం అయిపోతుంది, లేదా బార్ దేనికో తగులుతుంది. అప్పుడు పొట్టి లింకులు కావాలి. కంపెనీ ఎత్తులో, కంపెనీ బార్‌తో నడిపే కారుకి మామూలు లింకులు చాలు. ఇంకో సంగతి, ప్రీలోడ్ తీసేయడానికి మాత్రమే అయితే ఒక బార్‌కి ఒక వైపు ఎడ్జస్టబుల్ లింకు ఉంటే సరిపోతుంది, రెండోది పాతదే ఉండనివ్వండి. షాపులవాళ్లు జంటగానే అమ్ముతారు కాబట్టి ఈ మాట చెప్పరు, ఫ్రెండుతో కలిసి జంట కొని చెరొకటి పంచుకున్నవాళ్లు నాకు తెలుసు.

అపోహ: చవక లింకు అంటే విరిగే లింకు.

మా షాపుకి జంట 80 డాలర్లవీ వస్తాయి, 250వీ వస్తాయి. మధ్యలో ఉండే రాడ్ విరగడం నేను చాలా తక్కువ చూశాను. అరిగేది చివరనుండే జాయింట్, చిరిగేది దాని మీది రబ్బరు తొడుగు, అదే బూట్, వదులయ్యేది చెక్ నట్. కాబట్టి రంగు చూసి, అల్యూమినియం మెరుపు చూసి కొనకండి. ముందు పొడవు: కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని ఇస్తారు, మీ కారు కుదురుగా నిలబడ్డప్పుడు కావలసిన పొడవు వాటికి మధ్యలో పడాలి, చివర్లో కాదు. థ్రెడ్ కనీసం తన మందానికి ఒకటిన్నర రెట్లు లోపల ఉండాలి, 12 మిల్లీమీటర్ల రాడ్ అయితే 18 మిల్లీమీటర్లు, కొన్నింటికి లోపల ఎంతుందో చూసుకోవడానికి చిన్న రంధ్రం ఇస్తారు. తర్వాత, ఒక చివర కుడి థ్రెడ్, ఇంకో చివర ఎడమ థ్రెడ్ ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే విప్పకుండానే మధ్య రాడ్ తిప్పి పొడవు మార్చొచ్చు, థ్రెడ్ పిచ్ (ఒక చుట్టుకి జరిగే దూరం) 1.25 మిల్లీమీటర్లయితే రెండు చివరలా కలిపి చుట్టుకి రెండున్నర మిల్లీమీటర్లు. రెండు చివరలా కుడి థ్రెడ్డే ఉన్న చవక రకాలకి ప్రతిసారీ ఒక చివర విప్పి తిప్పాలి, పని అవుతుంది కానీ విసుగు.

జాయింట్ రెండు రకాలు. రబ్బర్ బూట్, లోపల గ్రీజు ఉన్న బాల్ స్టడ్ రకం చప్పుడు చేయదు, రోజూ ఆఫీసుకి నడిపే కారుకి అదే మంచిది. బూట్ లేని రాడ్ ఎండ్ రకం రేసు కారు నుంచి వచ్చింది, ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైము పెట్టి నడిపే పోటీకి) బాగుంటుంది, కానీ దుమ్ము, ఉప్పు దాని మీదే పడతాయి, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, మిషిగన్‌లో ఉన్నవాళ్లు దాని జోలికి పోకండి. లోపల టెఫ్లాన్ పొర ఉన్న రాడ్ ఎండ్‌కి గ్రీజు పూయొద్దు, దుమ్ము అతుక్కుని ఆ పొరని తినేస్తుంది. అరిగితే రాడ్ ఎండ్ ఒక్కటే విడిగా మార్చుకోగలిగిన సైజా కాదా అని కొనేముందే అడగండి, చవకదనం అసలు అక్కడ తెలుస్తుంది.

బిగించేటప్పుడు ఇంపాక్ట్ గన్ పెడితే స్టడ్ (జాయింట్ నుంచి బయటికొచ్చే, నట్ ఎక్కే బోల్టు ముక్క) గిర్రున తిరిగి కొత్త బూట్ చిరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ దగ్గర గన్ లేదు, ఉన్నా నా చేతికి ఇచ్చేవాడు కాదు. స్టడ్ చివర రంధ్రంలో ఎల్ కీ పెట్టి పట్టుకుని పానాతో నట్ తిప్పమనేవాడు, ఇప్పటికీ అలాగే చేస్తాను. చెక్ నట్లు బిగించాక రాడ్ మధ్యలో పట్టుకుని అటూ ఇటూ వంచి చూడండి, రెండు వైపులా కొంచెం కదలాలి. ఒక వైపు కదలకుండా మొండికేస్తే రెండు జాయింట్లూ ఒకదానికొకటి వంకరగా కూర్చున్నాయని, నట్ వదులు చేసి మళ్లీ సర్దాలి. నట్ మీద పెయింట్ గీత గీసి వంద మైళ్ల తర్వాత చూసుకోండి.

మిగతావి త్వరగా. లింకు పొట్టిది చేస్తే కారు దిగుతుందా? దిగదు, కారుని మోసేది స్ప్రింగు. ముందు నుంచి కటకట అంటే లింకేనా? రెండు లింకులూ విప్పి కట్టేసి, మెల్లగా స్పీడ్ బ్రేకర్ మీద నడపండి, చప్పుడు పోతే తేడా లింకులోనో బార్ బుష్‌లోనో ఉంది, పోకపోతే షాక్ పై మౌంటు వైపు చూడండి, ఇదంతా కొత్త లింకులు కొన్న తర్వాత కాదు ముందే.

లింకు విరిగితే చక్రం ఊడిపోతుందా? ఊడదు. ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది, 2003 మియాటా, టప్ మని చప్పుడు, ఫ్రీవే పక్కన నిలబడి గొంతు వణుకుతోంది. వీడియో కాల్‌లో చూస్తే ముందు లింకు సగానికి విరిగి వేలాడుతోంది. అది బ్రేక్ పైపుకి, టైరుకి తగలకుండా విప్పి తీసెయ్, కారు ఎక్కువ ఒరుగుతుంది, ఫ్రీవే వదిలేసి మెల్లగా ఇంటికెళ్లు అని చెప్పి పడుకున్నా. పొద్దున్నే షాపు తెరిచేసరికి వచ్చి నిలబడ్డాడు, విరిగిన ముక్క టిఫిన్ డబ్బాలో పెట్టుకుని. చూస్తే కారుతో వచ్చిన లింకే, లోపలంతా తుప్పు. "ఈసారి ఎడ్జస్టబుల్ వేసేద్దాం అన్నా" అన్నాడు. కారు కంపెనీ ఎత్తులోనే ఉంది, బార్ కంపెనీదే. మామూలు జంట వేసి పంపాను.