కోచ్ మాట, మార్కుల కాగితం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న న్యూజెర్సీ నుంచి మనవడు వీడియో కాల్ చేశాడు. "తాతయ్యా, కోచ్ నా మార్కులు పంపమన్నాడు, ఇక కాలేజీలో సీటొచ్చినట్టే!" అన్నాడు. వాడు ఫెన్సింగ్, అంటే కత్తిసాము ఆట, ఆడతాడు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ని, ఆటకి సీటిస్తారంటే నాకు మాత్రం చేదా? కానీ రాలేదురా అని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది.

అమెరికాలో 'ఐవీ లీగ్' అనే, హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పేరున్న కాలేజీల్లో ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఇంటి రాబడి చూసి సాయం చేస్తారంతే. కోచ్ తనకు కావలసిన పిల్లల పేర్లు చెబుతాడు, తీసుకునేది అడ్మిషన్ ఆఫీసు. మార్కులు అడిగింది ఆ ఆఫీసువాళ్లకి ముందే చూపించి, ఈ కుర్రాడు గట్టెక్కుతాడా అని ఆరా తీయడానికే.

అక్కడ 'అకడమిక్ ఇండెక్స్' అని ఒక లెక్కుంది. స్కూలు మార్కులు, శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు కలిపి ఒక అంకె కడతారు. ఆటగాళ్ల సగటు మిగతా విద్యార్థుల సగటు కన్నా మరీ కిందికి జారకూడదు. సగటు కదా, తమాషా చూడండి. బాగా ఆడేవాడికి మార్కులు తగ్గితే, ఆ లోటు పూడ్చడానికి బెంచీ మీద కూర్చునే చదువరి ఒకడు కావలసి వస్తాడు!

అలాగని ఆటకున్న బలం తక్కువేం కాదు. హార్వర్డ్ అడ్మిషన్ల మీద 2018లో బోస్టన్ కోర్టులో విచారణ జరిగినప్పుడు ఇంకో లెక్క బయటికొచ్చింది. చదువులో కాలేజీ 4వ రేటింగు వేసినవాళ్లలో (1 అందరికన్నా మేలు) కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లకి నూటికి 70 మందికి సీటు దొరికింది. అదే రేటింగున్న మిగతావాళ్లలో వెయ్యికి ఒక్కరికీ దక్కలేదు.

పైగా ఏ ఆటలనుకున్నారు? స్క్వాష్, రోయింగ్, ఫెన్సింగ్ కూడా. మా బడిలో కబడ్డీకి గీతలు గీసే సున్నం ఉంటే చాలు. రోయింగ్‌కి పడవ కావాలి, నీళ్లు కావాలి, తెల్లారకముందే కార్లో దింపే నాన్న కావాలి. 2019లో పట్టుబడ్డ అడ్మిషన్ల కుంభకోణంలో, ఆటగాళ్లని నమ్మించడానికి, పోటీ పడవ ఎక్కని పిల్లల్ని రోయింగ్ మెషీన్ మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశారు!

మన ఐఐటీ మద్రాసు 2024 నుంచి బీటెక్ కోర్సుకి రెండేసి సీట్లు ఆటగాళ్లకి అదనంగా ఇస్తోంది, అందులో ఒకటి ఆడపిల్లలకి. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరుండాల్సిందే. నాకిదే నచ్చింది.

అక్టోబరు మొదలయ్యాక అడ్మిషన్ ఆఫీసు నుంచి 'లైక్లీ లెటర్', అంటే సీటు దాదాపు ఖాయమని ముందే చెప్పే ఉత్తరం, వస్తే అప్పుడు స్వీట్లు పంచుదాం, ఈలోపు కెమిస్ట్రీ చదవమన్నాను వాడితో. సరేనని కెమెరా ఆపేశాడు. పుస్తకం తీశాడో, కత్తే పట్టుకున్నాడో కనబడలేదు.

మీ
డ్రిల్లు మాస్టారు తాతయ్య